ఈజిప్టు నమూనాలతో డిజైన్ – 4వ పాఠం: పైకప్పు నుంచి టైల్ దాకా

గత పాఠంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైటు నుంచి ఒక సమాధి పైకప్పు బొమ్మ డౌన్‌లోడ్ చేసుకున్నాం. ఈసారి దాన్నుంచి ఒక టైల్, అంటే పక్కపక్కన పరిస్తే అతుకు కనబడకుండా కలిసిపోయే నమూనా ముక్క, తయారుచేద్దాం. అక్కడ ‘ఓపెన్ యాక్సెస్’ గుర్తు ఉన్న ఫొటోలను 2017 నుంచి ఎవరైనా, వ్యాపారానికైనా, ఉచితంగా వాడుకోవచ్చు. గుర్తు లేనివాటి జోలికి వెళ్లొద్దు.

మన బొమ్మ అసలు పైకప్పు ఫొటో కాదు. లక్సర్ దగ్గర నైలు పడమటి గట్టున ఉన్న సమాధుల్లో నీనా, నార్మన్ డేవిస్ దంపతులూ వారి సహచరులూ 20వ శతాబ్దం మొదటి భాగంలో కాగితం మీద రంగులతో గీసిన నకళ్లలో ఒకటి. చదునుగా ఉంటుంది కాబట్టి కెమెరా వంకర సరిచేసే పని లేదు.

బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో తెరిచి బాగా జూమ్ చేయండి. కాసేపు ఏమీ చేయకుండా చూడండి. నమూనాలోని సుడులు ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకదాని గీత కాస్త లావు, పక్కదాని మధ్య పువ్వు కొంచెం ఎడమకు జరిగి ఉంటుంది. ఆనాటి చిత్రకారులు ఎర్ర రంగులో ముంచిన తాడు బిగించి, లాగి వదిలి గీతలు కొట్టుకునేవారు. ఆ గీతల మధ్య మిగతాదంతా చేతిపనే. ఒక్క సుడిని కత్తిరించి పేజీ నిండా అతికిస్తే ఆ చెయ్యి మాయమై, గిఫ్ట్ ప్యాకింగ్ కాగితం మిగులుతుంది. అందుకే నాలుగు సుడులు, రెండు వరసల్లో రెండేసి, కలిపి తీసుకోండి.

రూలర్ నుంచి గైడ్‌లు (కొలతకు సాయపడే గీతలు) లాగండి. ఎడమ అంచు ఒక పువ్వు నడిమధ్యలో పడితే, కుడి అంచు కూడా అదే రకం పువ్వు నడిమధ్యలోనే పడాలి. పైనా కిందా అంతే. క్రాప్ చేశాక ‘ఆఫ్‌సెట్’ తెరిచి సగం వెడల్పు, సగం ఎత్తు ఇవ్వండి. అంచులన్నీ మధ్యకు వచ్చి అతుకు కూడిక గుర్తులా కనబడుతుంది. దాన్ని క్లోన్ టూల్‌తో (ఒక చోటి బొమ్మను మరోచోట అద్దే సాధనం) చిన్న బ్రష్ పెట్టి కలపండి. అతుకు వరకే. సుడుల వంకర్లు దిద్దొద్దు.

ఇక రంగు. ఇక్కడ తొందరపడకండి. అసలు పైకప్పు మీది నీలం ఇసుక, సున్నం, రాగి, క్షారం కలిపి బాగా కాల్చి తయారుచేసింది. ముతకగా నూరితే ముదురు, మెత్తగా నూరితే లేత. కాలం గడిచేకొద్దీ కొన్నిచోట్ల పచ్చగానో నల్లగానో మారింది. మామూలు వెలుగు పడితే ఈ నీలం పరారుణ కాంతిని వెదజల్లుతుంది. అందుకే కంటికి ఆనవాలు లేని చోట కూడా పరిశోధకులు ప్రత్యేక కెమెరాతో దాన్ని పట్టుకోగలుగుతున్నారు. మన దగ్గరున్నది కాగితం మీది నకలే కాబట్టి ఆ దారి లేదు. కలర్ పికర్‌లో ‘శాంపిల్ యావరేజ్’ ఆన్ చేసి, బాగా నిలిచిన నాలుగైదు చోట్ల రంగు తీసి పక్కపక్కన పెట్టి ఎంచుకోండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. పైకప్పు మధ్య పట్టీల్లో చిత్రలిపి కనిపిస్తే దాన్ని ముక్కలు చేసి అలంకారంగా చల్లొద్దు. అవి చనిపోయినవారి పేర్లు, వారి కోసం రాసిన ప్రార్థనలు. పేరు నిలిస్తేనే మనిషి నిలుస్తాడని నమ్మినవాళ్లు రాయించుకున్నవి. క్రాప్‌లో పట్టీని పూర్తిగా వదిలేయండి.

ఈ వారం పని: మీ టైల్‌ను ‘మ్యాప్’ మెనూలోని ‘టైల్’ ఫిల్టర్‌తో మూడింతలు వెడల్పు, మూడింతలు ఎత్తుకు పరచండి. కాస్త దూరం నుంచి చూసినప్పుడు చారలు తేలితే అతుకు ఇంకా ఉన్నట్టే, మళ్లీ కలపండి. వచ్చే పాఠంలో ఇదే టైల్‌ను నూలు బట్ట ప్రింటుకు సిద్ధం చేద్దాం.