బిల్లీ బార్టీ సినిమాలు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం గమనించాలి

బిల్లీ బార్టీ పేరు మీరు వినకపోయినా ఆయన్ని చూసే ఉంటారు, కాకపోతే మాస్కు వెనకాల చూసి ఉంటారు, లేదంటే గొంతు మాత్రం విని ఉంటారు. 1924లో పెన్సిల్వేనియాలో పుట్టారు, ఎత్తు 3 అడుగుల 9 అంగుళాలు, మూకీల చివరి రోజుల్లో చిన్నపిల్లాడిగా కెమెరా ముందుకొచ్చి 2000లో పోయేలోపు 70 ఏళ్లకు పైగా నటించారు. ఇంత పెద్ద కెరీర్‌ని ఎటునుంచి పట్టుకోవాలో తెలియక చాలామంది మధ్యలో వదిలేస్తారు, నేనూ ఒకసారి వదిలేశాను.

అప్పుడు చేసిన తప్పేంటంటే తేదీల వరసలో చూడటం. వద్దు. మొదట్లో ఆయన ‘మిక్కీ మెక్‌గ్వైర్’ అనే తక్కువ నిడివి కామెడీ సినిమాల్లో, బాలనటుడు మిక్కీ రూనీకి తమ్ముడి వేషం వేశారు. వాటితో మొదలుపెడితే అల్లరి పిల్లాడు తప్ప నటుడు కనపడడు, రెండు రోజుల్లో ఓపిక అయిపోతుంది.

1975 దగ్గర మొదలుపెట్టండి. ‘ద డే ఆఫ్ ద లోకస్ట్’లో ఏబ్ కుసిచ్ వేషం. ఏబ్ నోటి దురుసు మనిషి, పేచీకోరు, ఎవడికీ తగ్గడు, కోడిపందెం సీన్‌లో అయితే పక్కనున్న పొడుగు వాళ్ల మీద నుంచి చూపు ఆయన మీదకే పోతుంది. ఇంకో విషయం మనసులో పెట్టుకుని చూడండి: ఆ కథ జరిగేది 1930ల హాలీవుడ్‌లో, అంటే బార్టీ పిల్లాడిగా పనిచేసిన ఊళ్లో, పనిచేసిన రోజుల్లోనే. తను పెరిగిన చోటుని ఆయన 50 ఏళ్ల వయసులో మళ్లీ నటించి చూపిస్తున్నారన్నమాట.

ఇది అయ్యాక వెనక్కి, 1933కి వెళ్లండి. ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’లో పార్కు పాట ఒక్కటి చూసినా చాలు. ఎనిమిదేళ్ల బార్టీ చంటిపిల్లాడి వేషంలో పోలీసుని ఏడిపిస్తాడు, వానకి తడిసిన అమ్మాయిలు తెర వెనక బట్టలు మార్చుకుంటుంటే ఆ తెర ఎత్తబోతాడు, చివర్లో హీరోయిన్ ఇనుప డ్రస్సు వేసుకొస్తే హీరో చేతికి డబ్బా కోసే ఓపెనర్ అందిస్తాడు. నిజం చంటిపిల్లాడు ఇవేవీ చెయ్యలేడు కదా, చెప్పిన చోట నిలబడి, చెప్పిన టైముకి కన్ను కొట్టగలిగే ‘పాప’ కావాలి, అందుకే ఈయన. 1934లో సెన్సార్ కట్టుబాట్లు గట్టిపడకముందు సినిమా కాబట్టి ఇంత చిలిపితనం చెల్లింది. నాకు ఇప్పుడు చూస్తే నవ్వూ వస్తుంది, కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది. పాజ్ చేసి ఆ పిల్లాడి టైమింగ్ ఒక్కటే చూడండి, నటన ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆ రోజుల సినిమాల్లో టైటిల్స్‌ని నమ్ముకోవద్దు. చిన్న వేషాలకి పేరు వేసేవాళ్లు కాదు. 1935 ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో గాజు సీసాల్లో బుల్లి మనుషులుండే సీన్ ఉంది, అందులో బార్టీది పాప వేషం, చాలావరకు ఎడిటింగ్‌లో ఎగిరిపోయి దూరం షాట్లలో మాత్రం మిగిలింది. అలాగే 1939 ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’లో ఆయన్ని వెతుక్కోకండి, అందులో లేరు. పొట్టి నటులందరినీ ఆ సినిమా ఖాతాలో వేసెయ్యడం జనానికి అలవాటు.

1978 ‘ఫౌల్ ప్లే’ మాత్రం వదలొద్దు. ఇంటికొచ్చిన బైబిళ్ల సేల్స్‌మన్ ఆయన. తనని చంపడానికి ‘డ్వార్ఫ్’ (మరుగుజ్జు) అనేవాడెవడో వస్తున్నాడని హీరోయిన్ గోల్డీ హాన్‌కి భయం, ఈయన ఎత్తు చూసి వీడేనని చితక్కొడుతుంది. నవ్వు ఆయన ఎత్తు మీద కాదు, ఆవిడ పొరపాటు మీద. పార్కు పాటనీ దీన్నీ ఒకే రోజు చూస్తే తేడా బాగా తెలుస్తుంది.

మధ్యలో ఉన్న ఖాళీని కూడా కాస్త పట్టించుకోండి. 1950ల్లో స్పైక్ జోన్స్ కామెడీ బ్యాండుతో తిరుగుతూ పియానిస్టు లిబరాచీని ఎగతాళిగా అనుకరించేవారు. 1957లో నెవాడా రాష్ట్రంలోని రీనోకి తనలాంటి వాళ్లని రమ్మని పిలిచారు, వచ్చింది 20 మంది. పొట్టివాళ్ల సంఘం ‘లిటిల్ పీపుల్ ఆఫ్ అమెరికా’ అలా పుట్టింది. పొట్టివాళ్లని పిలవడానికి వాడిన మిడ్జెట్ అనే మాట వాళ్లలో చాలామందికి తిట్టు, అందుకే పాత పోస్టర్ల మీద కనపడినా మనం వాడక్కర్లేదు.

1980ల సినిమాల దగ్గర అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే మొహం కనపడదు. 1987 ‘మాస్టర్స్ ఆఫ్ ద యూనివర్స్’లో గ్విల్డర్ వేషం, మొహమంతా రబ్బరు. ఇలాంటప్పుడు ఓ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని గొంతు వినండి, తర్వాత సౌండ్ తీసేసి చేతులు చూడండి. మాస్కు చెయ్యలేని పనంతా చేతులే చేస్తుంటాయి. 1990 ‘ద రెస్క్యూయర్స్ డౌన్ అండర్’ కార్టూన్‌లో ఎలుకకి గొంతిచ్చారు, పైన చెప్పినట్టు విని ఉంటే ఇట్టే పట్టేస్తారు.

ఆఖరికి దాచుకోవాల్సింది 1988 ‘విల్లో’. ఊరి మాంత్రికుడు హై ఆల్డ్విన్‌గా 60 దాటిన బార్టీ, హీరోగా షూటింగప్పటికి 17 ఏళ్ల వార్విక్ డేవిస్. శిష్యుడి ఎంపిక జరుగుతుంటే బార్టీ చెయ్యి చాపి, లోకాన్ని శాసించే శక్తి ఏ వేలిలో ఉందో చెప్పమంటాడు. డేవిస్ ఒక్క క్షణం తన వేలు వైపు చూసుకుని, ధైర్యం చాలక బార్టీ వేలు చూపిస్తాడు, ఓడిపోతాడు. తర్వాత ఇద్దరే ఉన్నప్పుడు, అప్పుడు నీకు ముందు తోచిందేంటని పెద్దాయన అడుగుతాడు. నా వేలే చూపిద్దామనుకున్నా అంటాడు కుర్రాడు. అదే సరైన జవాబు. ఆ మాటకి బార్టీ మొహం చూడండి, ఈసారి మాస్కు లేదు.