టికెట్ల లైను, స్ప్రింట్ బోర్డు: ఐటిల్‌నీ అజైల్‌నీ ఒక గాడిలో పెట్టడం ఎలా?

వ్యవసాయ మార్కెట్ కోసం తయారైన ఒక తక్‌పట్టీ (రైతుకు ఇచ్చే తూకం, డబ్బు లెక్క చీటీ) యాప్‌ను ఊహించుకోండి. సోమవారం పొద్దున ఏడున్నరకు మిర్చి బస్తాలు కాంటా ఎక్కుతుంటాయి, పట్టీ మాత్రం ప్రింటు కాదు. సర్వీస్ డెస్క్‌కు ఫోన్లు మొదలవుతాయి. వాళ్లు సర్వర్ రీస్టార్ట్ చేస్తే పట్టీలు వస్తాయి, టికెట్ మూసేస్తారు. పై సోమవారం మళ్లీ ఇదే తంతు. డెవలపర్ల బోర్డు మీద ఈ సంగతి ఎక్కడా కనబడదు. అక్కడ ఉన్నవన్నీ కొత్త ఫీచర్ల కార్డులే.

మడికొండ ఐటీ పార్క్‌లో పనిచేసే టీమ్‌కైనా, కరీంనగర్ ఐటీ టవర్‌లో కూర్చునే చిన్న కంపెనీకైనా చిక్కు ఇదే రూపంలో వస్తుంది. సపోర్ట్ వాళ్లు ఐటిల్ (ఐటీ సేవలు నడిపే పద్ధతుల సంకలనం) అంటారు, డెవలపర్లు అజైల్ (సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో కట్టే తీరు) అంటారు, ఎవరి రిజిస్టరు వాళ్లది. నిజానికి ఈ రెంటికీ పుట్టు వైరం ఏమీ లేదు. ఐటిల్ 1980ల చివర బ్రిటన్ ప్రభుత్వ ఐటీ ఏజెన్సీలో మొదలైంది. అజైల్ మేనిఫెస్టోను 2001లో 17 మంది కలిసి రాశారు. 2019లో వచ్చిన ఐటిల్ 4 కూడా 'ఉన్నచోటి నుంచే మొదలుపెట్టు', 'కొంచెం కొంచెంగా ముందుకెళ్లు, ఫీడ్‌బ్యాక్ తీసుకో' అనే చెబుతుంది. అందులో 34 ప్రాక్టీసులున్నాయి. అన్నీ తలకెత్తుకోవాల్సిన పని లేదు. రోజువారీ లొల్లి ముఖ్యంగా రెండు చోట్ల ఉంటుంది: అనుకోకుండా వచ్చిపడే పని, లైవ్‌లోకి వెళ్లే మార్పు. ముందు ఆ రెండూ సర్దండి.

1. మూడు నెలల టికెట్లు ముందేసుకోండి

టూల్ మార్చడం గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. గత 90 రోజుల టికెట్లను ఎక్సెల్‌లోకి దించి, ఒక్కోదాని పక్కన నాలుగింటిలో ఒక ముద్ర వేయండి. సేవ ఆగిపోతే లేదా నెమ్మదిస్తే అది ఇన్సిడెంట్. పాస్‌వర్డ్ మార్చమనో, కొత్త అడ్తిదారుకు లాగిన్ ఇవ్వమనో అడిగితే సర్వీస్ రిక్వెస్ట్. ఒకే ఇన్సిడెంట్ ఎందుకు తిరిగొస్తోందన్న ప్రశ్న ప్రాబ్లమ్. లైవ్‌లో ఉన్నదాన్ని కలిపినా, మార్చినా, తీసేసినా అది ఛేంజ్.

ఈ పనికి ఇద్దరు కూర్చుంటే ఒక పూట పడుతుంది. ఒకరు సపోర్ట్ నుంచి, ఒకరు డెవలప్‌మెంట్ నుంచి ఉండాలి. ఒక్కరే చేస్తే సగం ప్రాబ్లమ్‌లు ఇన్సిడెంట్ల కిందే ఉండిపోతాయి, ఎందుకంటే మూసిన టికెట్ చూడ్డానికి పని అయిపోయినట్టే ఉంటుంది. సర్వీస్ రిక్వెస్టులు డెవలపర్ల దాకా వస్తున్నాయేమో కూడా చూడండి. వస్తుంటే వాటికి చిన్న అడ్మిన్ స్క్రీన్ కట్టి డెస్క్‌కే అప్పగించండి.

2. స్ప్రింట్‌లో టికెట్లకు వాటా ముందే తీసిపెట్టండి

స్ప్రింట్ అంటే ముందే ఒప్పుకున్న పనిని చేసే ఒక విడత. రెండు వారాల స్ప్రింట్, 8 మంది టీమ్ అనుకుందాం. మీటింగులు, మెయిళ్లు పోగా మనిషికి రోజుకు 6 గంటలు చేతికొస్తాయి. 8 మంది, 10 రోజులు, 6 గంటలు: మొత్తం 480. గత ఆరు స్ప్రింట్లలో టికెట్లకు పోయిన గంటలు 96, 130, 110, 174, 120, 138 అనుకోండి. సగటు 128, అంటే నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. స్ప్రింట్ ప్లానింగ్‌లో 350 గంటల పనే ఒప్పుకోండి, మిగతా 130 టికెట్ల వాటా. సీజన్ ముమ్మరంలో సగటును నమ్మొద్దు, 174ను లెక్కలోకి తీసుకోండి.

ఈ వాటాను అందరికీ తలా కొంచెం పంచితే ఎవరి పనీ సాగదు. ఇద్దరిని డ్యూటీలో పెట్టి, ప్రతి స్ప్రింట్‌కూ మార్చండి. మిగతా ఆరుగురి దగ్గరికి టికెట్ నేరుగా పోకూడదు. డ్యూటీవాళ్లకు ఖాళీ దొరికితే కొత్త ఫీచర్ ఇవ్వకండి, ప్రాబ్లమ్ జాబితాలో పైనున్నది ఇవ్వండి. వాటా దాటిపోతుంటే ఆ రోజే ప్రొడక్ట్ ఓనర్‌కు (ఏ పని ముందో తేల్చే మనిషికి) చెప్పి ఒక స్టోరీని (ఒక పని కార్డును) స్ప్రింట్ నుంచి దించాలి. ఆఖరి రోజున చెబితే అది సాకులాగే వినిపిస్తుంది.

డెస్క్‌లో ఉన్న వాళ్లను మాత్రం స్ప్రింట్‌లోకి లాగకండి. వాళ్ల పనికి కాన్బాన్ బోర్డు నప్పుతుంది: చేతిలో మనిషికి రెండు టికెట్లకు మించకూడదన్న పరిమితితో, వచ్చింది వచ్చినట్టు నడుస్తుంది. రేపు ఏం పాడవుతుందో ఎవరూ రెండు వారాల ముందు ప్లాన్ చేయలేరు కదా.

3. మార్పులను మూడు దారుల్లో పంపండి

అసలు ముడి ఇక్కడుంది. చాలా చోట్ల మార్పులకు ఒప్పుకోలు ఇచ్చే ఛేంజ్ అడ్వైజరీ బోర్డు వారానికోసారి, ఉదాహరణకు బుధవారం కూర్చుంటుంది. స్ప్రింట్ శుక్రవారం ముగుస్తుంది. తయారైన కోడ్ బుధవారం దాకా ఆగుతుంది, ఈలోపు ఇంకో నాలుగు మార్పులు దాని వెనక చేరతాయి. ఐదూ కలిపి ఒకే రాత్రి లైవ్‌లోకి పోతాయి, తెల్లారి ఏదో పగులుతుంది. ఐదింటిలో ఏది తప్పో తేల్చడానికి పూటంతా పడుతుంది. దీంతో బోర్డు ఇంకో సంతకం అడుగుతుంది, మార్పులు ఇంకా పేరుకుంటాయి. జాగ్రత్త పేరుతో పెంచింది ప్రమాదాన్నే. బయటి వాళ్ల ఆమోదాల వల్ల విడుదలలు నెమ్మదించాయి తప్ప విఫలమయ్యే మార్పులు తగ్గినట్టు, సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరును కొలిచే డోరా పరిశోధనల్లోనూ కనబడలేదు.

ఐటిల్‌లోనే దీనికి మందుంది: స్టాండర్డ్, నార్మల్, ఎమర్జెన్సీ అనే మూడు రకాలు. చిక్కంతా మొదటి రకాన్ని ఎవరూ వాడకపోవడంలోనే. ఒక మార్పును ఒకే పద్ధతిలో కనీసం మూడుసార్లు ఇబ్బంది లేకుండా చేసి ఉంటే, వెనక్కి తీసే దారి ఒకసారైనా చేసి చూసి ఉంటే, దాన్ని స్టాండర్డ్ జాబితాలో చేర్చమని బోర్డును అడగండి. ఒక్కసారి ఒప్పుకుంటే ఇక ప్రతిసారీ అడగక్కర్లేదు. జాబితాలో ఒక పద్దు ఇలా ఉంటే చాలు:

మార్పు: ఫీజుల రేటు పట్టిక సవరణ. చేసేది: డ్యూటీ డెవలపర్, చూసేది: ఇంకో డెవలపర్. సమయం: రాత్రి 9 తర్వాత, యార్డు పని ముగిశాక. ముందు: ఆటోమేటిక్ టెస్టులన్నీ పాస్ కావాలి, పాత పట్టిక కాపీ తీయాలి. వెనక్కి: పాత పట్టిక ఎక్కించడం, 5 నిమిషాలు. సరిచూపు: మర్నాడు మొదటి 10 పట్టీలను చేతి లెక్కతో పోల్చాలి. ఒక్కసారి బెడిసినా ఈ పద్దు నార్మల్‌లోకి దిగుతుంది.

ఆ ఆఖరి వాక్యం లేకపోతే ఏడాది తిరిగేసరికి ప్రతి మార్పూ స్టాండర్డే అయిపోతుంది.

నార్మల్ మార్పుల్లోనూ తేడా పెట్టాలి. ఒక మాడ్యూల్‌కే పరిమితమై, వెనక్కి తీయగలిగితే సహ డెవలపర్ రివ్యూనే ఆమోదంగా లెక్కించండి. ఆమోదించే అధికారాన్ని ఇలా కిందికి పంచడం ఐటిల్ 4కు విరుద్ధమేమీ కాదు. డేటాబేస్ నిర్మాణం మారితే, డబ్బు లెక్క మారితే, బ్యాంకు లాంటి బయటి సిస్టమ్‌ను తాకితే అప్పుడు బోర్డుకు పంపండి. ఎమర్జెన్సీ మార్పు ఇద్దరి ఫోన్ ఒప్పుకోలుతో వెళ్లొచ్చు, కానీ రికార్డు మర్నాటికల్లా నిండాలి. నెలలో పది మార్పులకు ఒకటి కన్నా ఎక్కువ ఎమర్జెన్సీలు కనబడితే, ఎవరో నార్మల్ లైను తప్పించుకోవడానికి ఈ తలుపు వాడుతున్నారని అనుమానించండి.

4. 'అయిపోయింది' అన్న మాటకు సపోర్ట్ షరతులు కలపండి

పని అయిపోయిందనడానికి టీమ్ పెట్టుకునే షరతుల జాబితా, అంటే డెఫినిషన్ ఆఫ్ డన్‌లో నాలుగు లైన్లు చేర్చండి: ఆగితే తెలిపే అలర్ట్ పెట్టాం, వెనక్కి తీసే స్టెప్స్ రాసి ప్రయత్నించాం, డెస్క్‌కు అర పేజీ నోట్ ఇచ్చాం, తెలిసిన లోపాలను నోన్ ఎర్రర్ జాబితాలో ఎక్కించాం. స్ప్రింట్ ఆఖర్న చేసిన పని చూపించే రివ్యూకు డెస్క్ నుంచి ఒకరిని తప్పకుండా పిలవండి. రైతు ఫోన్ చేస్తే ముందు మాట్లాడేది వాళ్లే. స్క్రీన్ మీద కొత్త బటన్ వచ్చిందన్న సంగతి వాళ్లకు మొదటిసారి రైతు ఫోన్‌లో తెలియకూడదు.

5. ప్రాబ్లమ్‌ను బ్యాక్‌లాగ్‌లోకి (చేయాల్సిన పనుల జాబితాలోకి) తీసుకురండి

ఇప్పుడు ఆ సోమవారం పట్టీ దగ్గరికి వద్దాం. నియమం తేలిగ్గా పెట్టుకోండి: ఒకే లక్షణంతో 30 రోజుల్లో మూడు ఇన్సిడెంట్లు వస్తే నాలుగోదాని కోసం ఆగకుండా ప్రాబ్లమ్ తెరవాలి. తెరిచి లాగ్‌లు చూస్తే, రాత్రి నడిచే రిపోర్ట్ జాబ్ డేటాబేస్ కనెక్షన్లు తెరిచి మూయడం లేదని తేలిందనుకోండి. మామూలు రోజుల్లో రోజూ రాత్రి సర్వర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి బయటపడదు. వారాంతంలో ఆ రీస్టార్ట్ లేదు. రెండు రాత్రుల్లో పూల్ (ఒకేసారి తెరవగల కనెక్షన్ల కోటా) నిండి, సోమవారం మొదటి పట్టీకే కొత్త కనెక్షన్ దొరకదు.

కారణం తెలిసింది కాబట్టి ఇది నోన్ ఎర్రర్. డెస్క్‌కు తాత్కాలిక మందు: సోమవారం 6 గంటలకు రీస్టార్ట్. శాశ్వత మందు స్టోరీగా బ్యాక్‌లాగ్‌లో చేరాలి, అదే ప్రాబ్లమ్ నంబరుతో. సపోర్ట్ టూల్ ఒకటి, స్ప్రింట్ టూల్ ఇంకొకటి అయినా ఫరవాలేదు, నంబరు మాత్రం ఒక్కటే ఉండాలి. స్టోరీ మీద రాయాల్సింది 'కనెక్షన్ లీక్ సరిచేయాలి' అని కాదు. 'నెలకు నాలుగు సోమవారాలు, ఒక్కో రోజు 40 నిమిషాలు తూకం ఆగుతోంది' అని రాయండి. ప్రొడక్ట్ ఓనర్ ఫీచర్‌తో తూచి చూడగలిగేది ఆ లెక్కనే.

6. కొలతలు నాలుగు చాలు

కోడ్ తయారైనప్పటి నుంచి లైవ్‌కు పట్టే సమయం, ఎన్నిసార్లు విడుదల చేస్తున్నారు, ఎన్ని మార్పులు బెడిశాయి, బెడిసినప్పుడు ఎంతసేపట్లో నిలబెట్టారు. మొదటి రెండూ డెవలపర్ల గోడ మీద, చివరి రెండూ సపోర్ట్ గోడ మీద విడివిడిగా పెడితే పాత పంచాయితీ మళ్లీ మొదలు. నాలుగూ ఒకే చార్టులో ఉండాలి. ఎస్ఎల్ఏ (ఇంత సేపట్లో తీరుస్తామన్న ఒప్పందం) శాతాన్ని ఒక్కదాన్నే నమ్మితే టికెట్ మూసి, మళ్లీ కొత్తది తెరిచే ఆట నడుస్తుంది. తిరిగి తెరిచినవాటినీ లెక్కపెట్టండి.

7. ఫ్రీజ్‌ను (మార్పులు ఆపే రోజులను) క్యాలెండర్‌లో ముందే గీయండి

మిర్చి రాక ఉధృతంగా ఉండే వారాల్లోనో, బస్సుల యాప్ అయితే రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర రోజుల్లోనో మార్పులు ఆపడం న్యాయమే. అయితే ఆపాల్సింది నార్మల్ మార్పులను. స్టాండర్డ్ జాబితాలోవి, లోపాల సవరణలు నడవనివ్వండి. ఫీచర్ కోడ్‌ను ఫ్లాగ్ (ఫీచర్‌ను దాచే, తెరిచే స్విచ్) వెనక ఆపి ఉంచి అసలు కోడ్‌లో మెర్జ్ చేస్తూ పోవచ్చు, జనానికి కనబడదు. స్ప్రింట్లు ఆగవు. ఫ్రీజ్ ఎత్తేసిన మొదటి రోజున ఫ్లాగులన్నీ ఒకేసారి తెరవకండి. రోజుకొకటి తెరవండి, మొదటిది సోమవారం కాకుండా చూసుకోండి.