చెన్నై నుంచి శ్రీలంక ట్రిప్: తిండి, డ్రింక్స్, గోల్ఫ్ మూడూ కుదరాలంటే ఎలా ప్లాన్ చేయాలి?

చెన్నై నుంచి కొలంబోకి విమానంలో సుమారు గంటన్నర. మా కోడంబాక్కం నుంచి మహాబలిపురం వెళ్లడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. అందుకే మా ఇంట్లో సెలవులంటే ముందు శ్రీలంక మాటే వస్తుంది. మా బావకి గోల్ఫ్ కావాలి, మా ఆవిడకి పీతలు, రొయ్యలు. అమ్మ మాంసం మానేసి ఇరవై ఏళ్లయింది. ముగ్గురికీ నచ్చేలా తిరిగి రావడం ఎలాగో రెండు మూడు ట్రిప్పుల తర్వాత గానీ మాకు తెలియలేదు.

1. టికెట్ కంటే ముందు పౌర్ణమి చూడండి

శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవే. దాన్ని పోయా అంటారు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం దుకాణాలూ మూసేస్తారు. మేం మొదటిసారి దిగింది సరిగ్గా ఆ రోజే. సాయంత్రం సముద్రం ఎదురుగా కూర్చుని చల్లగా ఒక బీరు తాగుదామనుకున్న బావకి నిమ్మరసమే దొరికింది. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ చూస్తే తేదీ ఇట్టే తెలుస్తుంది. కానీ అక్కడి లెక్క ఒక్కోసారి మనదానితో కలవదు, శ్రీలంక సెలవుల జాబితా కూడా చూసుకోండి. అమ్మలాంటి వాళ్లు ఉంటే మాత్రం బుద్ధుడి పండుగ అయిన వెసాక్ పోయాకి వెళ్లడం మంచిది. సాధారణంగా మే నెలలో వస్తుంది. వీధంతా కాగితం లాంతర్లు, దారి పొడుగునా ఉచిత భోజనం పెట్టే పందిళ్లు.

ఈటీఏ, అంటే శ్రీలంకలోకి వెళ్లడానికి ఇచ్చే ప్రయాణ అనుమతి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

2. నెలను బట్టి తీరం ఎంచుకోండి

డిసెంబరు నుంచి మార్చి దాకా కొలంబో, గాలె, హంబన్‌తోట వైపు బాగుంటుంది. పిల్లల వేసవి సెలవుల్లో వెళ్తే మే నుంచి అటు నైరుతి వానలు, సముద్రం కూడా రఫ్‌గా ఉంటుంది. అప్పుడు తూర్పున ఉన్న త్రికోణమలి మేలు.

3. గోల్ఫ్‌కి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే స్లాట్) ముందే బుక్ చేయండి

కొలంబో నగరం మధ్యలోనే రాయల్ కొలంబో గోల్ఫ్ క్లబ్ ఉంది. 1879లో మొదలైంది. గోల్ఫ్ మైదానం మధ్యలోంచి రైలు పట్టాలు వెళ్తాయి. రైలు వస్తుంటే ఆట ఆపి నిలబడి చూడటం బావకి ఇప్పటికీ ఇష్టం. సముద్రం పక్కన ఆడాలంటే హంబన్‌తోటలోని షాంగ్రిలా రిసార్టుకి వెళ్లాలి, అక్కడ 18 హోల్స్ ఉన్నాయి. కొలంబో నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నా దూరం ఎక్కువే. ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి, పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రావాలనుకుంటే అలసటే మిగులుతుంది.

బుక్ చేసేటప్పుడు బయటివాళ్లని ఏ రోజుల్లో ఆడనిస్తారు, గ్రీన్ ఫీలో (ఆడటానికి కట్టే రుసుము) క్యాడీ, అంటే బ్యాగు మోసే సహాయకుడి ఖర్చు కలిసి ఉందా, గోల్ఫ్ కర్రలు అద్దెకిస్తారా అని అడగండి. కాలర్ ఉన్న టీషర్టు తప్పనిసరిగా పెట్టుకోండి. పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి. తొమ్మిది దాటితే ఉక్కపోత చెన్నైకేమీ తీసిపోదు.

4. తిండి: అడిగి తినండి

మనం ఇక్కడ తినే ఆప్పం, ఇడియాప్పం అక్కడా ఉంటాయి. పక్కన పోల్ సంబోల్ వేస్తారు, కొబ్బరి కోరులో ఎండుమిరప, నిమ్మరసం కలిపిన పచ్చడి. చూడటానికి శాకాహారమే, కానీ అందులో ఉంబలకడ అనే ఎండుచేప పొడి తరచుగా కలుపుతారు. శాకాహారులు ప్రతిచోటా ‘ఉంబలకడ వేశారా?’ అని అడగాల్సిందే. కొలంబోలో తమిళులు ఎక్కువగా ఉండే వెల్లవత్తలో శాకాహార హోటళ్లు దొరుకుతాయి, చెన్నై తమిళంతో పని జరిగిపోతుంది. మధ్యాహ్నం రైస్ అండ్ కర్రీ తినండి. పప్పు, లేత పనసకాయ కూర, సరస్వతి ఆకుతో చేసే గొటుకొల సంబోల్, అన్నీ ఒకే పళ్లెంలో. అమ్మకి బాగా నచ్చిన భోజనం ఇదే.

మాంసాహారులు సాయంత్రం కొలంబోలో సముద్రం పక్కనున్న మైదానం గాల్ ఫేస్ గ్రీన్‌కి వెళ్లాలి. బండి మీద ఇస్సో వడ వేడివేడిగా దింపుతుంటారు. పప్పు వడ మీద రొయ్యలు పెంకుతో సహా అద్ది వేయిస్తారు. పైన ఉల్లిపాయ ముక్కలు, కారం సాస్ వేసి కాగితంలో పెట్టి ఇస్తారు. కరకరలాడే పెంకు కూడా నమలొచ్చు. పీతలకి కొలంబోలో ఇప్పుడు షాపులు, రెస్టారెంట్లుగా మారిన పాత డచ్ హాస్పిటల్ ఆవరణలోని మినిస్ట్రీ ఆఫ్ క్రాబ్ పేరున్న చోటు, 2011లో తెరిచారు. క్రికెటర్లు సంగక్కర, జయవర్ధనే అందులో భాగస్వాములు. ఖరీదైనదే, టేబుల్ ముందే బుక్ చేసుకోండి.

5. ఏం తాగాలి?

మద్యం తాగేవాళ్లు కొబ్బరి కల్లుని బట్టీలో కాచి చేసే అరక్ రుచి చూడొచ్చు. 21 ఏళ్లు నిండాలి. ఆ రోజు కారు మాత్రం డ్రైవర్‌కే వదిలేయండి. మా అమ్మకి నచ్చింది దివుల్ జ్యూస్. దివుల్ అంటే వినాయక చవితికి మనం పెట్టే వెలగపండే. దాని గుజ్జులో కొబ్బరి పాలు, బెల్లం కలిపి ఇస్తారు.

ఆట అయ్యాక మాత్రం ఇంకేమీ వెతకకండి. రోడ్డు పక్కన నారింజ రంగు బొండాలు గెలలుగా వేలాడుతుంటాయి, తంబిలి. మన కొబ్బరి బొండాం కంటే కాస్త తియ్యగా ఉంటుంది. నీళ్లు తాగేశాక బొండాన్ని అమ్మేవాడికి తిరిగి ఇవ్వండి. కత్తితో రెండుగా చీల్చి, అదే పెచ్చుతో చెంచాలా చెక్కి ఇస్తాడు, లేత కొబ్బరి గీరుకుని తినడానికి.