ఇండక్షన్ స్టవ్ మధ్యలో ఆగిపోతోందా? స్టవ్ విప్పే ముందు ప్లగ్గు చూడండి

గ్యాసు పొయ్యి మానేసి ఇండక్షన్‌కి మారినవాళ్ళు నెల తిరక్కముందే ఫోన్ చేసి "కొత్త స్టవ్ పాడైపోయిందండీ" అంటారు. వెళ్ళి చూస్తే చాలా ఇళ్ళలో స్టవ్ శుభ్రంగా ఉంటుంది. గిన్నెలోనో, గోడకున్న పాయింటులోనో తేడా ఉంటుంది. ఈ రెండూ చూడకుండా స్టవ్‌ని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్ళి, అక్కడ బాగానే పనిచేస్తే మళ్ళీ ఇంటికి మోసుకొస్తారు. మీకు స్టవ్ వాడకం వచ్చనే అనుకుని, తేడా ఎక్కడుందో పట్టుకునే సంగతి మాత్రం రాస్తున్నాను.

గిన్నె పెట్టగానే బీప్ కొట్టి ఆగిపోతోంది

అయస్కాంతం పెట్టి చూశారా? ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే బొమ్మ చాలు. గిన్నె తిరగేసి అడుగు మధ్యలో పెట్టండి. గట్టిగా పట్టుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది, జారిపోతే పనికిరాదు. గిన్నె పక్క అంచుకి పెట్టి చూసి లాభం లేదు, అడుగే ముఖ్యం.

"స్టీలు గిన్నేనండీ" అని చాలామంది అంటారు. మన ఇళ్ళలో స్టీలంతా ఒకటి కాదు. నికెల్ ఎక్కువగా కలిసిన రకం ఎంత మెరిసినా అయస్కాంతానికి అంటదు. స్టవ్ లోపలి రాగి తీగచుట్ట సెకనుకి వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దానికి గిన్నె అడుగులో కరెంటు సుడులు తిరిగి, గిన్నే వేడెక్కుతుంది. అల్యూమినియం, హిండాలియం, ఇత్తడి, రాగి, మట్టి పాత్రలకి ఈ స్టవ్ మీద ఆ వేడి రాదు. మామూలు అల్యూమినియం కుక్కర్ కూడా అంతే, అడుగున స్టీలు పలక వేసిన ఇండక్షన్ బేస్ కుక్కర్ కావాలి. విశాఖ పూర్ణా మార్కెట్‌కి గిన్నెలు కొనడానికి వెళ్ళేటప్పుడు అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. షాపులో పెట్టి చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

అయస్కాంతం అంటినా బీప్ కొడుతుంటే అడుగు ఎంత వెడల్పుందో చూడండి. పన్నెండు సెంటీమీటర్లకి తక్కువున్న పాల గిన్నెల్ని చాలా స్టవ్‌లు గుర్తించవు. ఏళ్ళ తరబడి గ్యాసు మంట మీద ఉబ్బిపోయిన అడుగులతోనూ ఇదే గొడవ. గాజు మీద పెట్టి వేలితో తోస్తే బొంగరంలా తిరిగే గిన్నెని పక్కన పెట్టేయండి. మూకుడు కావాలంటే అడుగు చదునుగా ఉన్నది కొనుక్కోవాలి. పాత గిన్నెల కింద పెట్టుకునే ఇనుప పలకలు కొనకండి. ముందు పలక, తర్వాత గిన్నె వేడెక్కాలి కాబట్టి కరెంటు దండగ. పైగా ఆ వేడంతా గాజు మీదే నిలిచిపోతుంది.

కాసేపు బాగా పనిచేసి, ఎక్కువ వాట్ల మీద పెట్టగానే ఆగిపోతోంది

అసలు చెప్పాలనుకున్నది దీని గురించే. స్టవ్ లోపలికి కొత్త సర్క్యూట్ బోర్డులు, కొత్త స్టవ్‌లు అనవసరంగా కొనిపించే సమస్య ఇది. విశాఖలో, ముఖ్యంగా సముద్రం వైపున్న ఇళ్ళలో, ఎక్కువగా కనిపిస్తుంది.

లక్షణం ఇలా ఉంటుంది. వెయ్యి వాట్ల మీద ఇడ్లీలు హాయిగా ఉడికిపోతాయి. 2000 పెట్టి అన్నానికి ఎసరు పెడితే ఐదు పది నిమిషాలకి స్టవ్ గుర్రుమని, తెర మీద ఏదో అంకె చూపించి ఆగిపోతుంది. ఒక్కోసారి దానంతటదే మళ్ళీ మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెడితే దీపం వెలుగుతుంది. మీటర్ పెడితే 230 వోల్టులు చూపిస్తుంది. "కరెంటు బాగానే ఉందమ్మా, స్టవ్‌లోనే ఏదో ఉంది" అని చెప్పి వెళ్ళిపోతాడు.

లాసన్స్ బే కాలనీలో ఒకింట్లో సరిగ్గా ఇదే జరిగింది. సర్వీసువాళ్ళు లోపలి బోర్డు మార్చేశారు, అయినా మళ్ళీ ఆగిపోతోంది. "బాబూ, ఇంక ఇది వద్దు, గ్యాసు పొయ్యే మళ్ళీ బయటికి తీసేస్తాను" అని ఆవిడ విసిగిపోయి ఉన్నారు. "ఒక్క పది నిమిషాలు ఆగండమ్మా, ఫుల్లు మీద పెట్టి నీళ్ళు మరిగించండి" అన్నాను. తర్వాత స్విచ్ ఆపి ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి. బయటికి లాగితే మూడు పిన్నుల్లో ఒకటి నల్లగా మాడి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. మెయిన్ కట్టేసి సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది. వైరు కొస కూడా మాడింది, గిల్లితే ఇన్సులేషన్ పెళుసుగా రాలిపోయింది. స్విచ్ బోర్డుకి మూరెడు దూరంలో కిటికీ, కిటికీ అవతల సముద్రం.

ఉప్పు గాలికి సాకెట్ లోపలి ఇత్తడి రేకులకి, స్క్రూలకి చిలుము పడుతుంది. చిలుము కరెంటుని సరిగ్గా పోనివ్వదు. మిక్సీ, ఫ్యాను లాంటివి నడిచినంత కాలం ఈ తేడా బయటపడదు, అవి తీసుకునే కరెంటు తక్కువ. గ్యాసు ఉన్న రోజుల్లో వంటింటి పాయింటు మీద పెద్ద లోడు పడే అవసరమే రాలేదు. ఇండక్షన్ రాగానే 2000 వాట్లు, అంటే దాదాపు 8.7 ఆంపియర్లు, పూటకి గంట చొప్పున ఆ రేకుల గుండా పోవాలి. చిలుము పట్టిన చోట అర ఓమ్ నిరోధం ఉన్నా 38 వాట్ల వేడి పుడుతుంది. 35 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి సాకెట్ లోపల పెట్టి వదిలేసినట్టే లెక్క. ఆ వేడికి రేకుల బిగువు పోతుంది, బిగువు పోతే నిరోధం ఇంకా పెరుగుతుంది. లోపల చిన్న చిన్న స్పార్కులు మొదలవుతాయి. వోల్టేజీ క్షణం పాటు పడి లేస్తుంది, అది గమనించిన స్టవ్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆగగానే లోడు పోయి వోల్టేజీ మామూలైపోతుంది కాబట్టి, ఖాళీ సాకెట్‌లో మీటర్ పెట్టినవాళ్ళకి ఏమీ దొరకదు. తక్కువ వాట్ల మీద ఆగకపోవడానికి కారణం కూడా ఇదే. కరెంటు సగానికి తగ్గితే ఆ జాయింటులో వేడి పావు వంతుకి పడిపోతుంది.

పట్టుకునే పద్ధతి సులువు. గిన్నె నిండా నీళ్ళు పెట్టి ఫుల్లు మీద పది నిమిషాలు నడపండి. స్విచ్ ఆపి, పొడి చేత్తో ప్లగ్గుని, సాకెట్ పలకని, స్విచ్‌ని విడివిడిగా తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చురుక్కుమన్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చినా, ప్లగ్గు వదులుగా ఊగుతున్నా ఆ పాయింటులో మళ్ళీ స్టవ్ పెట్టకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే లోడు మీద ఉండగా వోల్టేజీ చూడమని గట్టిగా అడగండి. స్టవ్ ఫుల్లు మీద నడుస్తున్నప్పుడు మూడు నాలుగు వోల్టులు తగ్గడం మామూలే. పదిహేను ఇరవై తగ్గితే లోపం ఉన్నట్టే. అదే సమయంలో వేరే గదిలో పాయింటు కూడా చూడాలి. అక్కడా అంతే పడితే లోపం మెయిన్‌లోనో, మీటర్ దగ్గరో, స్తంభం నుంచి వచ్చే వైరులోనో ఉంది. అలాంటప్పుడు 1912కి ఫోన్ చేసి ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌వాళ్ళని పిలవాలి. వంటింట్లోనే పడితే మన వైరింగే. సాకెట్ వెనక స్క్రూల దగ్గర వోల్టేజీ బాగుండి ప్లగ్గు మాత్రం కాలుతుంటే, రేకులకి బిగువు పోయినట్టు.

బాగు చేసేటప్పుడు సగం పని చేసి వదిలేయకండి. సాకెట్ ఒక్కటే మార్చి మాడిన ప్లగ్గునే మళ్ళీ గుచ్చుతారు. ఆ మాడిన పిన్ను కొత్త సాకెట్‌ని కూడా కొన్నాళ్ళలో పాడు చేస్తుంది. సాకెట్, స్విచ్, ప్లగ్గు మూడూ 16 ఆంపియర్లవి కొత్తవి వేయించండి. మాడిన వైరు కొస కత్తిరించి, రాగి మెరుస్తూ కనపడేదాకా కొత్తగా ఒలిచి బిగించాలి. కొస పొట్టిదైపోయిందని లాగి పెట్టి బిగిస్తే మళ్ళీ వదులవుతుంది. అలాంటప్పుడు కొత్త వైరు లాగడమే మేలు. పిన్నుల్ని ఎమరీ పేపరుతో రుద్దకండి. పైనున్న పూత పోయి ఇంకా త్వరగా చిలుము పడుతుంది. కిటికీ పక్కనున్న పాయింటు బదులు లోపలి గోడకి కొత్త పాయింటు వేయించుకోగలిగితే అదే సరైన పని. కిర్లంపూడి లేఅవుట్, పెదవాల్తేరు, భీమిలి రోడ్డు వైపు ఉండేవాళ్ళు వంటింటి పాయింటు స్క్రూలు ఏడాదికోసారైనా బిగింపించుకోవాలి. పెందుర్తి వైపు చిలుము ఇంత వేగంగా పట్టదు, కానీ వదులు స్క్రూ ఎక్కడైనా వదులు స్క్రూయే.

ఇంకో మాట. 16 ఆంపియర్ల లావు పిన్ను ప్లగ్గుని చిన్న సాకెట్‌లో పెట్టడానికి కన్వర్టర్లు అమ్ముతారు. ఇండక్షన్‌కి వాటిని వాడొద్దు. లైట్ల కోసం వేసిన సన్న వైరు మీద రోజూ ఈ లోడు పెడితే గోడ లోపలే వైరు కాగుతుంది, మీకు కనపడదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులూ వద్దు. వంటింటి పవర్ పాయింటుకి కనీసం రెండున్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, దానికంటూ విడిగా ఒక ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్) ఉండాలి.

ఆగిపోతోంది, ప్లగ్గు మాత్రం చల్లగానే ఉంది

స్టవ్ కింద చూడండి. గాలి లోపలికి లాగే కన్నాలు అడుగునే ఉంటాయి. కింద న్యూస్ పేపరో, ప్లాస్టిక్ షీటో పరిస్తే గాలి అందక లోపలి భాగాలు కాగి స్టవ్ ఆగిపోతుంది. గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపండి. పోపుల నూనె జిడ్డుకి దుమ్ము పట్టి ఫ్యాను బిగుసుకుపోవడమూ ఉంది. ప్లగ్గు తీసేసి మెత్తటి బ్రష్‌తో దులపండి. వంట అయ్యాక ఫ్యాను తిరుగుతుండగానే గోడ స్విచ్ కట్టేసే అలవాటు మానుకోవాలి, లోపలి వేడి బయటికి పోవాలి కదా. బొద్దింకలు దూరి బోర్డు మీద చేరితే సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళాలి.

అడుగంటుతోంది, పోపు మాడుతోంది

ఇది లోపం కాదు. గ్యాసు మీద అలవాటైన చెయ్యి నూనె పోసి డబ్బా వెతుక్కునేలోపు ఇక్కడ నూనె పొగలు కక్కుతుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప ముందే చేతికందేలా పెట్టుకుని, నాలుగైదు వందల వాట్ల మీద పోపు వేయండి. తక్కువ వాట్ల మీద చాలా స్టవ్‌లు సన్నగా కాగవు, ఫుల్లుగా కాగి కాసేపు ఆగి మళ్ళీ కాగుతాయి. పప్పు, పాలు అడుగంటేది అందుకే. అడుగు మందంగా ఉన్న గిన్నె వాడితే ఈ బాధ తగ్గుతుంది.

గీజర్ వేస్తే ఎంసీబీ పడిపోతోంది

గీజర్ 2000, ఇండక్షన్ 2000, పైన ఏసీ. మీ కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు (మీ ఇంటికి మంజూరైన లోడు) ఎన్ని కిలోవాట్లుందో చూసి, చాలకపోతే పెంచమని దరఖాస్తు పెట్టుకోండి. పెద్ద ఎంసీబీ వేయిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వైరు అదే ఉండగా ఎంసీబీ పెంచితే, వైరుకి ఉన్న రక్షణ తీసేసినట్టే.

మిగతావి

గిన్నె తాకితే జిల్లుమంటోందంటే ఎర్త్ అందడం లేదు, వాడటం ఆపి ఎర్త్ చూపించండి. గిన్నె పెట్టినప్పుడు సన్నగా గుయ్యిమనే శబ్దం పొరలున్న అడుగుల నుంచి వస్తుంది, ఏం కాదు. పిడుగుకి బోర్డు పోవడం, కాయిల్ కాలిపోవడం అరుదు, అవి మన చేతిలో పనులు కావు. గాజుకి వెంట్రుకంత పగులు వచ్చినా వాడొద్దు, పొంగిన చారు అందులోంచి లోపలికి దిగుతుంది. ఇంట్లో గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళుంటే ముందు డాక్టర్‌ని అడగండి.

గ్యాసు కనెక్షన్ మాత్రం పూర్తిగా వదులుకోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. ఒక నిండు సిలిండరు, పాత పొయ్యి అటక మీద కాకుండా కిందే ఉంచుకుని, అక్టోబరు వచ్చే ముందు ట్యూబు, రెగ్యులేటరు ఒకసారి చూపించుకోండి.