దూరం చెప్పే స్కోప్ కొనే ముందు

నాలుగేళ్ల కింద నవంబరులో పశ్చిమ టెక్సాస్‌లోని ఆల్పైన్ దగ్గర మ్యూల్ డియర్ వేటకు వెళ్లాను. ఎదుటి వాలు మీద నిలబడ్డ మగ జింక నా కంటికి 300 గజాల్లో ఉన్నట్టు కనిపించింది. నిజానికి 350 దాటి ఉంది. గుండెకు తగలాల్సిన తూటా ముందుకాలికి తగిలింది. చీకటి పడేదాకా రక్తపు చుక్కలు వెతికాం, మర్నాడు మధ్యాహ్నానికి గాని అది దొరకలేదు. ఆ రాత్రంతా అది పడ్డ బాధ నా వల్లే. దూరం కొలిచే స్కోపుల (రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణీల) గురించి తెలుసుకోవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

లెక్క ఇదీ. నా .308 రైఫిల్‌ను 200 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో తూటా గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేస్తే, తూటా 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు, 350 దగ్గర దాదాపు పదిహేను అంగుళాలు కిందికి దిగుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం తొమ్మిది అంగుళాలకు మించదు. దాని నడుమకే గురి పెట్టినా, దూరాన్ని యాభై గజాలు తక్కువ లెక్కేస్తే తూటా ఆ చోటు దాటి కిందికి పోతుంది.

కొనే ముందు మీరు వేటాడే చోటు గురించి ఆలోచించండి. మధ్య టెక్సాస్‌లోని లానో చుట్టుపక్కల, జింకలకు మేత వేసే ఫీడర్‌కు వంద గజాల దూరంలో బ్లైండ్‌లో (వేటగాళ్లు దాక్కునే గూడులో) కూర్చునేవాళ్లకు ఈ ఖర్చు అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే మామూలు 3-9x40 స్కోప్ చాలు. చెట్టూ చేమా లేని పశ్చిమ టెక్సాస్ లాంటి చోట, కంటికి పోలిక దొరకని చోటే దీని అవసరం.

దూరం తెలుసుకోవడానికి ఒక దారి రెటికిల్ (స్కోప్‌లో కనబడే గురి గుర్తు) మీది గీతలు. ఛాతీ లోతును అంగుళాల్లో 27.8తో గుణించి, అది స్కోప్‌లో ఎన్ని మిల్స్ (ఆ గీతలు చూపే కోణపు కొలత) ఆక్రమించిందో దాంతో భాగిస్తే దూరం గజాల్లో వస్తుంది. 18 అంగుళాల ఛాతీ ఒకటిన్నర మిల్స్ కనబడితే 333 గజాలు. కానీ ఆ జింక ఛాతీ 16 అంగుళాలే అయితే అసలు దూరం 296. జింకను కొలిచి చూసే వీలు ఎవరికుంటుంది? పైగా సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో, అంటే జూమ్ మార్చినా గీతల సైజు మారని దాంట్లో, ఈ లెక్క ఒక్క జూమ్ దగ్గరే నిజం, ఎక్కువ వాటిలో అది అన్నిటికన్నా పెద్ద జూమ్. జూమ్ మార్చినా లెక్క కుదరాలంటే, జూమ్‌తో పాటు గీతలూ పెరిగి తగ్గే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ తీసుకోండి.

రెండోది లేజర్. బర్రిస్ ఎలిమినేటర్ లాంటి వాటిలో బటన్ నొక్కగానే దూరం కనబడుతుంది, ఎక్కడ గురి పెట్టాలో ఒక చుక్క వెలుగుతుంది. మీ తూటా వివరాలు అందులో పెడితేనే ఆ చుక్క నిజం చెబుతుంది. వేరే రకం తూటాల పెట్టె కొన్న రోజున వివరాలు మార్చి, మళ్లీ కాల్చి చూసుకోవాలి. డబ్బా మీద రాసే పెద్ద దూరం మెరిసే వస్తువులకు. జింక వెంట్రుకల మీద అది బాగా తగ్గుతుంది కాబట్టి "జింకకు ఎంత?" అని అడగండి. మంచులో, వానలో, మధ్యలో గడ్డి అడ్డొస్తే లేజర్ పొరబడుతుంది. రెండు మూడు సార్లు నొక్కి, ఒకే అంకె వస్తేనే నమ్ముతాను.

కొండ వాలు కోణాన్ని కూడా లెక్కలోకి తీసుకునేదే కొనండి. ముప్పై డిగ్రీల వాలులో 300 గజాల గురిని దాదాపు 260 గజాలకన్నట్టు పెట్టాలి. గాలిని మాత్రం లేజర్ కొలవదు. గంటకు పది మైళ్ల అడ్డగాలి 300 గజాల్లో నా తూటాను ఆరేడు అంగుళాలు పక్కకు తోస్తుంది. బరువు కూడా చూడండి. ఇవి మామూలు స్కోప్‌కు రెట్టింపు దాకా ఉంటాయి, కొన్ని కిలో దాటుతాయి. భుజాన వేసుకుని కొండెక్కితే ఆ తేడా తెలుస్తుంది.

నన్నడిగితే, మొదటిసారి కొనేవాళ్లు చేతిలో పట్టుకుని దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ విడిగా తీసుకుని, రైఫిల్‌కు మంచి మామూలు స్కోప్ పెట్టుకోవాలి. ఎందుకంటే లేజర్ స్కోప్‌తో దూరం చూడాలంటే రైఫిల్‌నే అటు గురిపెట్టాలి. పొద కదిలిందని ఎత్తితే, అక్కడ మనిషి ఉండొచ్చు. నా దగ్గర లేజర్ స్కోప్ ఉన్నా, ముందు బైనాక్యులర్స్‌తో జంతువేనని తేల్చుకున్నాకే రైఫిల్ ఎత్తుతాను.

చట్టం సంగతి డబ్బు కట్టే ముందే చూసుకోవాలి. ఐడహో రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకు వెలిగే రెటికిల్ తప్ప, స్కోప్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు కుదరవు. మీ రాష్ట్రం ఈ ఏడాది వేసిన వేట నిబంధనల పుస్తకం చదవండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో వేట లైసెన్స్ ఒకటి. దాని గడువు తీరనివ్వకండి. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అక్కడికి కానుకగా స్కోప్ పట్టుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి, అమెరికా నుంచి వీటి ఎగుమతికి ఆంక్షలున్నాయి.

స్కోప్ బిగించాక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి 100, 200, 300 గజాల్లో తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేట్లు పెట్టండి. వేటలో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, ఒక్కో ప్లేటుకు ఐదు తూటాలు కాల్చండి. ఐదూ ప్లేటులో పడే చివరి దూరం ఎంతో, జింక మీద మీ హద్దు అంతే. నాది 300. అంతకు మించిన అంకె స్కోప్‌లో కనబడితే సేఫ్టీ (రైఫిల్ పేలకుండా ఆపే మీట) తీయను, దగ్గరికి నడుస్తాను.