వానకే పొంగే డ్రైనేజీ: లైన్‌లోకి వాన నీరు, ఊట నీరు రాకుండా ఆపడం ఎలా

హైదరాబాద్ కాలనీల్లో గట్టి వాన గంటసేపు పడితే చాలు, మ్యాన్‌హోల్ మూత సందుల్లోంచి మురుగు పైకి తన్నుతుంది. లైన్ జామైందని, నీటిని జోరుగా కొట్టి శుభ్రం చేసే జెట్టింగ్ మెషీన్ తెప్పిస్తారు. రెండు రోజులు ఎండ కాస్తే అదే సర్దుకుంటుంది, మళ్లీ వానకు మళ్లీ మొదలు. నిజంగా జామైన లైన్ ఏప్రిల్‌లోనూ పొంగుతుంది. వానకు మాత్రమే పొంగుతోందంటే ముందుగా అనుమానించాల్సింది సిల్టును (పేరుకున్న మట్టిని) కాదు, అందులోకి రాకూడని నీటిని.

ఆ నీరు ఎంతో లెక్క వేయండి. 2,000 చదరపు అడుగుల డాబా మీద గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 9,300 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకుంటే, అయిదుగురున్న ఇంటి నుంచి రోజుకు వచ్చేది 540 లీటర్లే. అంటే డాబా పైపు ఒక్క గంటలో దింపేది ఆ ఇంటి పదిహేడు రోజుల మురుగు! వందకు ఒకటి వాటంతో వేసిన 6 అంగుళాల పైపు నిండుగా పారితే సెకనుకు సుమారు 15 లీటర్లు మోస్తుంది. అలాంటి డాబాలు ఆరు కలిస్తే పైపు వాటితోనే నిండిపోతుంది.

తవ్వే ముందు కనిపెట్టాల్సినవి

మొదటి ఆధారం సమయం. వాన మొదలైన పావుగంటకే చివరి చాంబర్‌లో (ఇంటి పైపులు కలిసే మూత గుంతలో) నీరు లేచి, వాన తగ్గగానే దిగిపోతే అది డాబాల నుంచో, పెరళ్ల నుంచో, మూతల మీదుగానో నేరుగా దిగుతున్న వాన నీరు. వాన ఆగి మూడు నాలుగు రోజులైనా తేటగా పారుతూనే ఉంటే అది జాయింట్లలోంచి, మ్యాన్‌హోల్ గోడల్లోంచి వచ్చే ఊట.

ఊటను కొలవాలంటే రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య చూడాలి, అప్పుడు ఇళ్లలో వాడకం దాదాపు ఉండదు. మందమైన ప్లైవుడ్ ముక్కకు 90 డిగ్రీల 'వి' ఆకారపు గాడి కోసి, చాంబర్ లోపలి కాలువకు అడ్డంగా బంకమట్టితో బిగించండి. నీరు గాడి దాటి కిందికి స్వేచ్ఛగా పడాలి. పలకకు కాస్త వెనక, గాడి అడుగు నుంచి నీటి ఎత్తు 2.5 సెంటీమీటర్లుంటే గంటకు సుమారు 500 లీటర్లు, 5 ఉంటే 2,800 లీటర్లు. మేలో ఒకసారి, సెప్టెంబరులో వాన లేని రాత్రి ఒకసారి కొలవండి. ఆ తేడాయే ఊట.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. రాత్రంతా పారే తేట నీరు ఎవరిదో సంపు పొంగో, కారుతున్న ఫ్లష్ ట్యాంకో కావచ్చు. ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసే క్లోరిన్ పరీక్షలో పసుపు రంగు వస్తే అది నల్లా నీరు. రాకపోతే మాత్రం ఊటేనని తేల్చేయకండి, మురుగు తగిలితే క్లోరిన్ ఖర్చైపోతుంది.

ఏ డాబా పైపు డ్రైనేజీలో కలిసిందో తెలియాలంటే బకెట్ నీళ్లలో ఫుడ్ కలర్ కలిపి పైపులో పోయండి, వెనకాలే రెండు మూడు బకెట్ల నీళ్లు వదలండి. కింద చాంబర్ దగ్గర ఒకరు చూస్తూ ఉండాలి. పర్మాంగనేట్ వద్దు, మురుగులో దాని రంగు విరిగిపోతుంది.

ముందు వాన నీరు

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఇక్కడే. డాబా పైపును చాంబర్ నుంచి కోసి, ఇంకుడు గుంతకు తిప్పి, గుంత పొంగును వాన నీటి కాలువకు కలపండి. పాత కన్నాన్ని గుడ్డ ముక్క కుక్కి వదలకండి, ఎండ్ క్యాప్ వేసి మాలుతో మూయండి. ఇంకుడు గుంత మాత్రం డ్రైనేజీ లైన్‌కు ఆనుకుని తవ్వకూడదు. అక్కడ ఇంకిన నీరు పాత జాయింట్లలోంచి మళ్లీ అదే పైపులో చేరుతుంది. సెల్లార్ ఊటను తోడే మోటారు పైపు కూడా డ్రైనేజీలోకి పోతుంటే, దాన్నీ మార్చాలి.

పెరట్లోని గల్లీ ట్రాప్ (ఇంటి వాడకం నీరు డ్రైనేజీలోకి దిగే జాలీ గుంత) అంచు నేల మట్టానికి ఉంటే పెరడంతా అందులోకే కారుతుంది. చుట్టూ 4 నుంచి 6 అంగుళాల గట్టు కట్టండి. అయితే ఆ గట్టు బాత్‌రూమ్ నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) కంటే కిందే ఉండాలి. లేదంటే లైన్ జామైన రోజున మురుగు ఇంట్లోకి ఎగదన్నుతుంది.

నీరు నిలిచే చోట మ్యాన్‌హోల్ మూతకున్న అంగుళం కన్నాలు రెండు, పైన అంగుళం నీరున్నా నిమిషానికి పాతిక లీటర్ల వరకు మింగుతాయి. అలాంటి చోట కన్నాల్లేని మూత వేసి, ఫ్రేమ్ కింద సందును సిమెంటు ఒకటికి ఇసుక మూడు పాళ్ల మాలుతో మూయించాలి. గాలి పోయే పైపును ఎత్తైన చోట పెట్టుకోవాలి. రోడ్డు మీద నీళ్లు పోవడానికి మూత ఎత్తేయడం మాత్రం వద్దే వద్దు. అది నేరం, ఆ గోతిలో పడి మనుషులు పోతారు, పైగా ఆ నీరంతా కింది వీధి ఇళ్లలో తేలుతుంది.

తర్వాత ఊట

ఎక్కువగా కారేది పైపు గోడలోకి దూరే చోట. నున్నటి పీవీసీకి సిమెంటు పట్టదు, ఎండగానే వెంట్రుకవాసి సందు పడుతుంది. కొత్తగా బిగించేటప్పుడు గోడలో ఉండే భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, సాల్వెంట్ సిమెంటు పూసి, తడి ఆరకముందే ముతక ఇసుక చల్లండి. ఆరాక గోడలో పెట్టి మాలు వేస్తే ఆ ఇసుక గరుకుకు పట్టుకుంటుంది. నీరు చిమ్ముతున్న పాత సందును పై పూతతో ఆపలేం. చుట్టూ అంగుళం లోతు చెక్కి, రెండు మూడు నిమిషాల్లో గట్టిపడే వాటర్‌ప్లగ్ సిమెంటును ఉండ చేసి, వేడెక్కేదాకా చేతిలో ఉంచి, కన్నంలో నొక్కి పట్టుకోవాలి. చేతికి రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి.

పైనుంచి చెయ్యి అందే చాంబర్‌కే ఇది చెప్పింది. లోతైన మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించొద్దు. విషవాయువు ఒక్క ఊపిరిలో పడేస్తుంది, 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దించితే శిక్ష కూడా. ఆ పని, రోడ్డు లైన్ పని వాటర్ బోర్డుకు వదిలేయండి.

పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి పైపుల) లైన్‌లో సిమెంటు జాయింట్లు పగిలి వేర్లు దూరితే అతుకులు వేయడం దండగ. రబ్బరు రింగు జాయింట్ల పైపు వేసి, అడుగున 4 అంగుళాల ఇసుక పరిపించండి. ఒక మ్యాన్‌హోల్ నుంచి ఇంకో మ్యాన్‌హోల్ దాకా, మధ్యలో కలిసే ఇంటి కనెక్షన్లతో సహా ఒకేసారి చేయించాలి. ఒక చోట మూస్తే చుట్టూ నీటి మట్టం పెరిగి పక్క జాయింట్‌లోంచి దూరుతుంది. అందుకే మెయిన్ లైన్ ఒక్కటే మార్చిన కాలనీలో మరుసటి సెప్టెంబరులో ప్లైవుడ్ పలక దగ్గర దాదాపు పాత అంకే కనిపించవచ్చు.