మగవాళ్లు గుండె జబ్బు ముప్పు తగ్గించుకోవడం ఎలా?

ముందు ఒక టైలర్ టేపు తీసుకోండి. పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలేసి, బొడ్డు దగ్గర కొలవండి. 90 సెంటీమీటర్లు, అంటే దాదాపు 35 అంగుళాలు దాటితే, కాళ్లూ చేతులూ ఎంత సన్నగా ఉన్నా జాగ్రత్త పడాల్సిందే. ప్యాంటు సైజు నమ్మకండి, చాలామంది ప్యాంటు పొట్ట కిందకి కడతారు.

తర్వాత బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు. యాభై వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు, మన దేశంలో గుండెపోటు పాశ్చాత్య దేశాల వాళ్లకంటే దాదాపు పదేళ్లు ముందే వస్తోంది, అందుకే ముప్పై దాటగానే మొదలుపెట్టండి. బీపీ 140/90 దాటి పదేపదే వస్తున్నా, పరగడుపున షుగర్ 126 దాటినా డాక్టర్‌కి చూపించుకోవాలి. బిళ్లలు రాశాక ఒంట్లో బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపేయకండి, బాగున్నది ఆ బిళ్ల వల్లే.

సిగరెట్ తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. రోజుకి ఒక్కటైనా గుండెకి చేటే. మానేసిన ఏడాదికి, దాని వల్ల పెరిగిన ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. ఖైనీ, గుట్కా కూడా పూర్తిగా మానాల్సిందే.

వారానికి 150 నిమిషాలు నడవండి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంగా. పొద్దున్నే మన విశాఖ ఆర్కే బీచ్‌లో బళ్లు ఆపేసి రోడ్డు నడిచేవాళ్లకే వదిలేస్తారు, ఆ అవకాశం వాడుకోండి. నడక అయ్యాక నలుగురూ కలిసి పూరీలు, బజ్జీలు లాగిస్తే మాత్రం పడ్డ కష్టం వృథా. స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో నైట్ షిఫ్టులు చేసేవాళ్లు నడక కంటే ముందు నిద్ర సరిచేసుకోండి, పగలైనా సరే ఏడు గంటలు పడుకోవాలి.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల్లో ఉన్నది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కవళ్లు, కానాగంతలు లాంటి చేపల్లో గుండెకి మంచిచేసే కొవ్వు ఉంటుంది, హార్బర్ దగ్గర తాజాగా కొని వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతూ చెమటలు పడుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. బండి మీరు నడపొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయించండి.